ఆరు కాదు, ఆర్

ఆ రోజుల్లో నాకు ట్రాక్టరు తోలడం వచ్చు, రాయడం రాదు. ఈ సంగతి ఇంత ఆలస్యంగా ఎందుకు రాస్తున్నావని ఎవరైనా అడిగితే నా దగ్గరున్న జవాబు అదొక్కటే. మా ఊళ్ళో బడి లేక కాదు. మా ఇంటి వెనకే ఉండేది. పిల్లలు ఎక్కాలు చదువుతుంటే మా పెరట్లోకి వినిపించేది. నన్ను ఎవరూ మాన్పించలేదు కూడా. నాయనకు నేనొక్కతే బిడ్డను. మా ఇంటికి పాత ట్రాక్టరు వచ్చిన ఏడాది, దాని మడ్‌గార్డు మీద కూర్చుని పొలానికి పోవడం ఒకసారి రుచి చూశాక, పలక పట్టుకుని నేల మీద కూర్చోవడం నాకు చిన్నతనంగా తోచింది. అయ్యవారు ఇంటికొచ్చి అడిగినప్పుడల్లా నేను ట్రాక్టరు మీదే ఉన్నాను. అడిగి అడిగి ఆయన రావడం మానేశాడు. (ఇంకొక్కసారి వచ్చి ఉంటే ఈ కథ జరిగేది కాదు, అందుకని ఆయన్ను నేనేమీ అనను.) బస్సుల నంబర్లు, నోట్ల మీది నంబర్లు చూసి అంకెలు మాత్రం వాటంతట అవే వచ్చాయి. అక్షరాలు నాకు నలభై ఏళ్ళు దాటి చాలా దూరం పోయాక వచ్చాయి. మా ఊరి అంగన్‌వాడీ టీచరమ్మ, మధ్యాహ్నం పిల్లలు నిద్రపోయాక, వాళ్ళ బుల్లి కుర్చీలో నన్ను కూర్చోబెట్టి నేర్పింది. కుర్చీ ఒకటి విరిగింది. అక్షరాలు నిలిచాయి.

టీచరమ్మ మొదటిరోజు పలక మీద 'అ' రాసి, "ఇదేనమ్మా నీ మొదటి అక్షరం" అన్నప్పుడు నేను బుద్ధిగా తల ఊపాను. కానీ నా మొదటి అక్షరం అది కాదు. అంతకు చాలా ఏళ్ళ ముందే నాకొక అక్షరం వచ్చు. అది తెలుగు అక్షరం కూడా కాదు. దాన్ని నేర్చుకోవడానికి నాకొక దున్నపోతు, ఒక మేకపిల్ల, ఒక గుట్ట అవసరమయ్యాయి.

గుట్ట మాది. బంగారుపాళ్యం చుట్టుపక్కల మామిడితోట లేని ఇల్లు తక్కువే గానీ, అందరి తోటలూ చదునులో, లారీ పోయే దారి పక్కన ఉంటాయి. మా నాయనకు మాత్రం గుట్ట మీది బీడే దొరికింది. ఆయన పెళ్ళికి ముందే రాళ్ళు ఏరి, దారి కొట్టి, కావడితో నీళ్ళు మోసి ఆ చెట్లు పెంచాడు. అన్నీ తోతాపురి చెట్లే, జ్యూసు ఫ్యాక్టరీకి పోయే కాయ. మధ్యలో ఒకే ఒక్క మల్గోబ, ఇంటికోసం. ఆ మల్గోబ మీదనుంచే ఆయన పడ్డాడు. తిరుపతి ఆసుపత్రిలో ఎడమ కాలికి రాడ్డు వేశారు. ప్రాణానికి ఏమీ కాలేదు గానీ ఆ కాలు మోకాలి దగ్గర మడవడం మానేసింది. నిలబడితే పక్కకు చాచిపెట్టినట్టు ఉండేది. ఆ కాలితో గుట్ట ఎక్కడం కుదరదు, ట్రాక్టరు మీద కూర్చోవడమూ కుదరదు. కుర్చీలో కూర్చోబెట్టి నలుగురం మోసుకుపోతాం అని ఊళ్ళోవాళ్ళు అంటే ఆయన కర్ర ఎత్తాడు. "నన్ను నలుగురు మోసేది ఒక్కసారేరా. దాన్ని ఇప్పుడే వాడుకుంటే ఎట్టా?" అన్నాడు.

అలా మామిడికాయల కాలాలు వచ్చిపోతూనే ఉన్నాయి, ఆయన కింద వసారాలో కూర్చుని గుట్ట వైపు చూస్తూనే ఉన్నాడు. ఇంతలో గ్రానైట్ వాళ్ళు గుట్ట అడిగారు. మా ఆయనకు అది మంచి మాటగానే తోచింది. (ఆయనది నగరి, మగ్గాల ఇల్లు. మా ఇంటికి ఇల్లరికం వచ్చాడు. చదునులో మనిషి, గుట్ట మీద నిలబడితే కళ్ళు తిరుగుతాయి.) నాయన అవుననలేదు, కాదనలేదు. "సూడకుండా అమ్మేదీ లేదు, సూడకుండా ఉంచుకునేదీ లేదు. ఒకసారి పైకి పోయి సెట్లను పలకరించి వస్తా. ఆమీట చెప్తా" అన్నాడు. గ్రానైట్ వాళ్ళు పౌర్ణమి దాటాక వస్తామని పోయారు. ఆ పౌర్ణమి లోపల నాయనను గుట్ట ఎక్కించాలి. రోడ్డు వెడల్పు చేసినప్పుడు పోయిన కింది చేనికి వచ్చిన డబ్బు బ్యాంకులో ఉంది. ఎంత గుట్టయినా ఎక్కే జీపులు తిరుపతిలో అమ్ముతున్నారని విన్నాం. నేనూ మా ఆయనా బస్సెక్కాం. బస్సెక్కేముందు నేను వంటింట్లో పీట తీసి సంచిలో పెట్టుకున్నాను.

తిరుపతిలో ఆ రెండు షోరూములూ రోడ్డుకు అటొకటి ఇటొకటి, ఎదురెదురుగా ఉండేవి. మొదటిదాంట్లోకి అడుగుపెట్టగానే చల్లగాలి కొట్టింది, మెడలో టై కట్టుకున్న అబ్బాయి ఎదురొచ్చాడు. బండి మధ్యలో నిలబెట్టి ఉంది. నల్లగా, వెడల్పుగా, గుండ్రటి కళ్ళేసుకుని, ఎవరొచ్చినా నాకేంటి అన్నట్టుంది. మా ఆయన దాన్ని చూసిన చూపు పెళ్ళిచూపుల్లో నన్ను కూడా చూడలేదు. నేను సంచిలోంచి పీట తీసి బండి పక్కన, అద్దంలా మెరిసే నేల మీద పెట్టాను.

టై అబ్బాయి కంగారుపడ్డాడు. "అక్కా, సోఫా ఉంది, అక్కడ కూర్చోండి. కింద ఎందుకు?"

"నాక్కాదబ్బా, నీ బండికి" అన్నాను.

నాయన మంచి కాలు ఆ పీట ఎక్కగలదు. పీటకంటే బెత్తెడు ఎక్కువ ఎత్తున్నది ఏదీ ఎక్కలేదు. ఇంట్లో ఆయనతో ఎక్కించి చూసుకునే వచ్చాను. టై అబ్బాయి ఇంజను గురించి, చక్రాల గురించి చెబుతూనే ఉన్నాడు, నేను పీట ఇటు జరిపి అటు జరిపి చూస్తూనే ఉన్నాను. బండి అడుగు పీటకంటే చాలా ఎత్తు. "నడుము లోతు నీళ్ళలో కూడా పోతుందక్కా" అన్నాడు ఆ అబ్బాయి గర్వంగా. "మా ఊళ్ళో అన్ని నీళ్ళుంటే మామిడెందుకు పెడతాం, వరే ఏస్తాం గదా" అన్నాను. మా ఆయన నన్ను మోచేత్తో పొడిచాడు.

రోడ్డు దాటి రెండోదాంట్లోకి పోతే అక్కడ కళ్ళద్దాల అబ్బాయి. వాళ్ళ బండి పచ్చగా, పొట్టిగా, నాలుగు మూలలూ చెక్కిన పెట్టెలాగా ఉంది. తలుపులు ఎక్కువ, బరువు తక్కువ. పీట పెట్టి చూస్తే అదీ ఎత్తే, కాకపోతే కొంచెం నయం. "ఎదురింటి బండి బరువక్కా, దిగబడిందంటే క్రేన్ రావాల. మాదయితే ఎగిరి దాటతాది" అన్నాడు కళ్ళద్దాల అబ్బాయి. ఆ మాట పోయి టై అబ్బాయికి చెబితే, "వాళ్ళది గాలొచ్చినా ఎగురుతుందక్కా" అన్నాడు.

ఆ పూట నేను బండ్లకంటే కొనేవాళ్ళనే ఎక్కువ చూశాను. నల్లబండి కోసం వచ్చినవాళ్ళు ముందు దూరంగా నిలబడి, చేతులు కట్టుకుని, తల కొంచెం పక్కకు వంచి చూస్తారు. బండిని కాదు వాళ్ళు చూసేది, ఆ బండిలోంచి తాము దిగుతుంటే ఊరు చూడటాన్ని. పచ్చబండి కోసం వచ్చినవాళ్ళు నేరుగా లోపలెక్కి కూర్చుని, పెట్రోలు ఎంత తాగుతుందని అడిగి, అద్దంలో తమ జుట్టు చూసుకుని దిగుతారు. ఒక కాంట్రాక్టరు హారన్ మాత్రం నాలుగైదుసార్లు కొట్టించుకుని విన్నాడు. కొత్తగా పెళ్ళయిన జంట ఒకటి పైకప్పు తీస్తే వెన్నెల కనిపిస్తుందా అని అడిగింది. గుట్టలెక్కే బండ్లని అంత పెద్ద బొమ్మలు గోడకు పెట్టారా, గుట్ట మాట మాత్రం ఒక్కరూ ఎత్తలేదు. నేనే ఎత్తాను. "మా గుట్ట ఎక్కించి సూపించండబ్బా. ఎక్కిన బండే కొంటాం" అని రెండుచోట్లా ఒకే మాట చెప్పాను. ఆదివారం వస్తామని ఇద్దరూ అన్నారు. అవతలివాడు కూడా అదే ఆదివారం వస్తాడని ఎవరికీ చెప్పకపోవడం నా తెలివి అనుకోకండి, నాకు తట్టలేదంతే.

ఆదివారం మా ఊళ్ళో తిరునాళ్ళయింది. నల్లబండి వచ్చి నిలబడిన కాసేపటికే దానికి దున్నపోతని, పచ్చబండికి మేకపిల్లని పేర్లు పడిపోయాయి. ఊరు రెండు జట్లయింది. దున్నపోతు జట్టుకు మా ఆయన పెద్ద, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని మరీ వచ్చాడు. మేకపిల్ల జట్టుకు కండక్టరు మామ పెద్ద. ఆయన బస్సు కండక్టరుగా రిటైరయి వచ్చినా మా ఊళ్ళో ఇంకా డ్యూటీలోనే ఉండేవాడు. ఎద్దులబండి సందులో తిరగాలన్నా చేయి ఊపడానికి ఆయన ఉండాల్సిందే.

"రెండే తలుపులా? ఎక్కేదానికీ దిగేదానికీ దారి లేంది బండేనా అప్పా?" అన్నాడు కండక్టరు మామ దున్నపోతు చుట్టూ తిరుగుతూ.

"ఇది ఫోర్ బై ఫోర్ సార్" అన్నాడు టై అబ్బాయి.

"నాలుగు బై నాలుగంటే ఒకటే గదా. ఆ ఒక్కటికి ఇంత గొప్పా?"

"మాదీ ఫోర్ బై ఫోరే సార్" అన్నాడు కళ్ళద్దాల అబ్బాయి.

"అట్టయితే ఇద్దరూ సమానం. ఇంక మాట్లాడకుండా ఎక్కండి" అని కండక్టరు మామ తీర్పు చెప్పేశాడు.

ముందు మేకపిల్ల పోయింది. పేరుకు తగ్గట్టే రాయి మీదనుంచి రాయి మీదకు గెంతుతూ పోయింది. సగం దారిలో ఊట మలుపు ఉంది, ఏడాది పొడుగునా అక్కడ బురదే. అక్కడ చక్రాలు ఊరికే తిరగడం మొదలుపెట్టాయి. తోయడానికి వెనక నిలబడిన మా ఆయన చొక్కాను తెల్లగా చూడటం నాకు అదే చివరిసారి. మేకపిల్ల కిందికి వచ్చేసింది. కళ్ళద్దాల అబ్బాయి మనసు కష్టపెట్టుకున్నట్టు కనిపిస్తే, పోనీలే అని నేనే అడిగి దాన్ని కళ్ళం చుట్టూ తోలాను. ట్రాక్టరు తోలిన చేతికి అది బొమ్మలాగా ఉంది. "గేరు బాగా ఎడమకు నెట్టి పైకి తోస్తే ఒకటక్కా" అని నేర్పాడు ఆ అబ్బాయి. చేతికి ఒకసారి అలవాటైతే నాకు ఇంక చెప్పనక్కర్లేదు. ఆ గుణమే నా కొంప ముంచింది, తేల్చింది కూడా.

తర్వాత దున్నపోతు. "నేనెక్కకుండా అది ఎక్కితే ఏం లాభం?" అని నాయన పట్టుబట్టాడు. పీట మీద ఇంకో పీట వేసి, పక్కనుంచి ఇద్దరం పట్టుకుంటే, ఆయన ముందు సీట్లోకి చేరాడు. సీటు వెనక్కి జరిపితే ఆ మడవని కాలు బారుగా చాచుకోవడానికి కుదిరింది. అది చూసి నాకు సగం బండి కొన్నట్టే అనిపించింది. టై అబ్బాయి తోలాడు. ఊట మలుపును దున్నపోతు తన బరువుతోనే తొక్కేసి దాటింది. దాని పైన పరుపుబండ అని వెడల్పాటి రాయి ఉంది, బండి తిప్పుకోవచ్చు. అందరం రొప్పుకుంటూ అక్కడిదాకా నడిచాం. అక్కణ్ణుంచి తోటకు మిగిలింది కాస్త దారే గానీ, నిట్టనిలువుగా, ఒక్క బండి పట్టేంత సన్నంగా ఉంటుంది. టై అబ్బాయి దిగి, ఆ దారి చూసి, టై వదులు చేసుకున్నాడు. "ఇంతవరకు ఎక్కింది కదా సార్. దీన్నిబట్టి పైకి కూడా ఎక్కుతుందని అర్థం" అని బండిని కిందివైపుకు తిప్పి నిలబెట్టాడు.

నాయన మెడ వెనక్కి తిప్పి పైకి చూశాడు. ఆకుల పచ్చదనం కనిపిస్తూనే ఉంది. "దో, ఆడనే గదబ్బా" అన్నాడు, అంతే. మా ఆయన బురద చొక్కాతో నా పక్కకు వచ్చి, "గుట్ట వాళ్ళకే ఇచ్చేద్దాంలే మే. మామను ఎన్నిసార్లు ఇట్టా ఆశపెట్టేది?" అన్నాడు మెల్లగా. ఆయన మాటలో తప్పు లేదు.

టై అబ్బాయి మంచివాడు. మా ముఖాలు చూసి, "అక్కా, మీరు కూర్చోండి. ఇక్కణ్ణుంచి కిందికి మీరే తోలుకుపోండి, నాయనతో కలిపి ఫోటో తీస్తా" అన్నాడు. నేను కూర్చున్నాను. అతను కిటికీలోంచి వేలు పెట్టి గేర్లు చూపించాడు. "ఒకటి నుంచి ఆరు వరకు, ఇటు పక్కన ఆర్, అంతేనక్కా, చాలా ఈజీ." ఆరు అని రెండుసార్లు ఎందుకన్నాడో నాకు అర్థం కాలేదు. అమ్మేవాళ్ళు ప్రతిదీ రెండుసార్లు చెబుతారు గదా అని ఊరుకున్నాను. (మా ట్రాక్టరుకు వెనక్కి పోయేదాన్ని మేము రివర్సు అనే అనేవాళ్ళం. దానికి ముద్దుపేరు ఉంటుందని నాకేం తెలుసు?) అతను కిందికి పోయి ఫోను ఎత్తిపట్టుకున్నాడు. నా చేయి మేకపిల్ల దగ్గర నేర్చుకున్నట్టే గేరును బాగా ఎడమకు నెట్టి పైకి తోసింది. కొంచెం బిగువుగా ఉంది. కొత్తబండి గదా అని గట్టిగా తోశాను. క్లచ్చు వదిలాను. దున్నపోతు ఒకసారి గుర్రుమని, ఫోటో తీసే టై అబ్బాయి దగ్గరకు పోకుండా, అతనికి దూరంగా, గుట్ట పైకి, వెనక్కి ఎక్కడం మొదలుపెట్టింది.

టై అబ్బాయి చేతులు చాచి పరిగెత్తుకొచ్చాడు. "అక్కా! ఆర్! ఆర్‌లో ఉంది! ఆర్!"

నాకు వినిపించింది ఆరు. ఆరో గేరులో పడిందన్నమాట! ట్రాక్టరులో గేరు పెరిగేకొద్దీ వేగం పెరుగుతుంది. ఆరులోనే ఇంత నిమ్మళంగా పోతే ఈ బండి ఒకటిలో అసలు కదులుతుందా అని ఒక పక్క ఆశ్చర్యం, వెనక్కి ఎందుకు పోతోందని ఇంకో పక్క భయం. కాలు బ్రేకు మీదకు పోయింది. అప్పుడు నాయన చేయి నా చేతి మీద పడింది.

"ఆపొద్దుమే!"

"ఎనక్కి పోతా ఉండాది నాయనా!"

"ఎనక్కో ముందుకో, పైకి పోతా ఉండాది గదా. పోనీ!"

పోనిచ్చాను. ట్రాలీ తగిలించిన ట్రాక్టరును ఇరుకు సందుల్లో వెనక్కి తోలినదాన్ని, మెడ వెనక్కి తిప్పితే నా చేతులకు ధైర్యం వచ్చేస్తుంది. నాయన కిటికీలోంచి తల బయటపెట్టాడు. ఆ దారి కొట్టింది ఆయన. ఏ రాయి ఎక్కడ వదిలిపెట్టాడో ఆయనకు గుర్తుంది. "నా పక్క నల్లరాయి వస్తాది, దాన్ని ముట్టుకోవద్దు... ఆ... ఇప్పుడు నీ పక్కకి కొంచిం... సాలు, సాలు" అంటూ ఆయన చెబుతుంటే నేను తిప్పుతున్నాను. ముందు అద్దంలోంచి చూస్తే ఊరంతా మాకు మొక్కుతూ కిందికి జారిపోతున్నట్టుంది. మా వెంట టై అబ్బాయి, అతని వెనక కళ్ళద్దాల అబ్బాయి, ఆ వెనక కళ్ళు సగం మూసుకుని మా ఆయన. అంత వయసులోనూ కండక్టరు మామ పక్కనుంచి రాళ్ళెక్కి మాకంటే ముందే పైకి చేరిపోయాడు. బస్టాండులో బస్సును వెనక్కి తీయించినట్టే చేయి ఊపుతున్నాడు. "రానీ... రానీ... రానీ... రైట్‌కి కొంచిం... రానీ... హోల్డాన్!"

బండి వెనక భాగం పోయి మల్గోబ చెట్టుకు మెల్లగా ఆనుకుంది. ఆగింది.

నాయనా నేనూ నవ్వడం మొదలుపెట్టాక ఆపుకోలేకపోయాం. నాయనను దించితే ఆయన ముందు మల్గోబ దగ్గరికే పోయాడు. కర్రతో దాని మానును తట్టి, "ఏమే, తోసేస్తే రాననుకున్నావా?" అని అడిగాడు. తర్వాత ఒక్కొక్క చెట్టు దగ్గరికీ పోయాడు. మేము వెనక పోలేదు. తిరిగొచ్చేటప్పుడు ఆయన చేతిలో నాలుగు ఆకులున్నాయి. వాటిని మా ఆయన చేతిలో పెట్టాడు. "ఆకుకి మచ్చొచ్చుండాది సూడు. ఈ వారంలోనే మందు కొట్టాల."

మా ఆయన ఆకులు చూశాడు. అమ్మబోయే తోటకు ఎవరూ మందు కొట్టరని నగరి మనిషికి కూడా తెలుసు. "సరే మామా" అన్నాడు.

టై అబ్బాయి ఊపిరి పీల్చుకుని, "అక్కా, వెనక్కి ఎందుకు ఎక్కించారు?" అని అడిగాడు. తెలియక పడిందబ్బా అని నిజమే చెప్పాను. ఒక్కరూ నమ్మలేదు. ఎందుకంటే కళ్ళద్దాల అబ్బాయి అప్పటికే చుట్టూ చూసి ఒక సంగతి కనిపెట్టాడు. పైన చెట్ల మధ్య బండి తిప్పుకునే జాగా లేదు. ముందుకు ఎక్కి ఉంటే ఆ నిట్టనిలువు దారిలో వెనక్కి దిగాల్సి వచ్చేది. "అక్క అంతా ముందే ఆలోచించిందప్పా!" అన్నాడు. కండక్టరు మామ, తనే ఆలోచించినట్టు, మీసం సవరించుకున్నాడు. నేను కాదు కాదంటుంటే అదొక అణకువ అనుకున్నారు. ఎంతకని కాదంటాం? నాలుగోసారికి ఊరుకున్నాను. ఊరుకున్నాక ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

ఆ తర్వాత కొన్నాళ్ళపాటు మా వైపు నుంచి తిరుపతికి జీపు కొనడానికి పోయినవాళ్ళందరూ ఇంజను అడగలేదు, చక్రాలు అడగలేదు. "ఎనక్కి గుట్ట ఎక్కతాదా?" అని అడిగారు. ఐరాల నుంచి పోయిన ఒకాయన, వెనక్కి ఎక్కించి చూపిస్తేనే బయానా ఇస్తానని కూర్చున్నాడట. టై అబ్బాయి పాపం మెడ పట్టేసేదాకా వెనక్కి తోలడం నేర్చుకున్నాడు. చివరికి మేకపిల్ల వాళ్ళకు కూడా తప్పలేదు. మేము కొన్నది దున్నపోతునే, పక్కన మెట్టు వేయించుకుని. పీటను మళ్ళీ వంటింట్లో పెట్టేశాను. నా ప్రాణానికి ఇంత గర్వం ఎప్పుడూ పట్టలేదు. పొరపాటున వచ్చిందైనా గర్వం గర్వమే, పులుసులాగా మర్నాటికి ఇంకా రుచి.

ఆ మర్నాటి సంగతే చెప్పాలి. ఆ సాయంత్రం నాయన చెట్ల దగ్గరనుంచి కదలనన్నాడు. టై అబ్బాయికి పొద్దుపోతోంది, ఆ దారిలో బండి దించే ధైర్యమూ లేదు. "వెనక్కి ఎక్కించినవాళ్ళకు ముందుకు దించడం ఎంతక్కా" అని, ఒకటో గేరు ఎక్కడో నా చేయి పట్టి మరీ చూపించి, తాళం ఇచ్చేసి, రేపు పొద్దున్నే వచ్చి తీసుకుపోతానని, కళ్ళద్దాల అబ్బాయి మేకపిల్లలో ఎక్కి తిరుపతి పోయాడు. (దున్నపోతులు అమ్మేవాడు మేకపిల్లలో పోవడం ఊరంతా నిలబడి చూసింది.) చీకటి పడకముందే నాయనను ఎక్కించుకుని నేను బండి దించి మా వాకిట్లో పెట్టాను.

పొద్దున్నే లేచి, వాకిలి ఊడ్చి, ముగ్గు వేసి, అందరూ లేచేలోపల పోయి బండిలో కూర్చున్నాను. గేరు తల మీద తెల్లగా గీతలున్నాయి. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు, అన్నీ నాకు తెలిసిన అంకెలే. ఆరు కుడిపక్క కింద ఉంది. మరి నేను నెట్టింది ఎడమ పక్క పైకి గదా? అక్కడ ఆరు లేదు. అంకె కానిది ఒకటుంది. ఆరు కాదు, ఆర్! అప్పుడు వెలిగింది నాకు. అది అక్షరం. ఒక నిలువు కర్ర, దాని తలకు ఒక మూట, కిందికి చాచిపెట్టిన ఒక కాలు. ఎంతసేపు చూశానో తెలియదు. అక్షరాలంటే ఏవో మెలికలు, మనకు సంబంధం లేనివి అనుకునేదాన్ని. ఇది నాకు తెలిసిన మనిషిలాగా ఉంది.

బండి దిగి వెనక్కి పోయాను. వెనక అద్దం నిండా గుట్ట దుమ్ము. చూపుడువేలు పెట్టి ఆ కర్ర గీశాను, మూట పెట్టాను, కాలు చాచాను. ముగ్గులు వేసిన చేయి, గీత వంకర పోలేదు. దూరం జరిగి చూసుకుంటున్నాను, వెనక కర్ర చప్పుడైంది.

"ఏంది మే అది?"

"ఆర్ అంట నాయనా. మనల్ని పైకి తీసకపోయింది ఇదే."

నాయన తలగుడ్డ సర్దుకుని, కర్ర మీద ఒరిగి, కాలు పక్కకు చాచి, చాలాసేపు చూశాడు. "నా మాదిరే ఉండాదే!" అన్నాడు.

మొదటి బస్సుకు టై అబ్బాయి దిగాడు. అద్దం చూసి, "అక్కా, ఆర్ రాశారా! కానీ ఇది వెనక్కి తిరిగి ఉంది. కాలు ఇటు ఉండాలి, కుడివైపు" అన్నాడు.

"ఎనక్కి పొయ్యేదానికి రాసేది ఎనక్కే గదబ్బా ఉండాల" అన్నాను.

"నాకు పొయింది ఎడం కాలే. బిడ్డ సరిగ్గానే రాసింది" అన్నాడు నాయన.

టై అబ్బాయి నవ్వి, గుడ్డ తీసి బండంతా తుడిచాడు. వెనక అద్దం దగ్గరికి వచ్చేసరికి నాయన కర్ర అడ్డం పెట్టాడు. "ఉండనీబ్బా. తిరపతి దాకా పోనీ."

పోనిచ్చాడు. దున్నపోతు సందు మలుపు తిరిగేదాకా, ఎడమకాలు చాచుకున్న నా మొదటి అక్షరం ముందుకు పోతూనే మా వైపు చూస్తూ ఉంది. నేను ఇంట్లోకి పోయి, పొయ్యి వెలిగించే ముందు, బూడిదలో వేలు పెట్టి, చెరిపేస్తూ మళ్ళీ మళ్ళీ గీసుకున్నాను, ఆరోజు మా ఇంట్లో కాఫీ ఆలస్యమయ్యేదాకా.